మేస్త్రీ మెడలో గొలుసు

నిన్న సాయంత్రం పక్క క్వార్టర్‌లోని కొత్త దంపతులు ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారు. విశాఖపట్నం నుంచి జగదల్‌పూర్‌కు బదిలీ మీద వచ్చి ఇంకా నెల తిరగనివారు. సామాను పెట్టెలు సగం విప్పనే లేదు. చెవులు వేలాడుతున్న ఆ బొద్దుపిల్లను రెండు చేతులా ఎత్తుకుని ఆ అమ్మాయి మా గుమ్మంలో నిలబడి, మీరు మునుపు కుక్కను పెంచారట కదా ఆంటీ, దీనికి ఎలాంటి గొలుసు కొనమంటారు అని అడిగింది. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధమాడి, తలుపు దగ్గరగా వేసి, వెలిగించని పొయ్యి ముందుకు వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. నా ఈడువారికి తెలిసే ఉంటుంది, ఈ వయసులో మనిషిని కుదిపివేయడానికి పెద్ద మాటలేమీ అక్కరలేదు.

ఆ గొలుసు సంగతి ఇంతవరకు ఎవరితోనూ పూర్తిగా చెప్పుకోలేదు. ప్రతి రోజునూ నాలుగైదు వాక్యాలుగా డైరీలో రాసుకుంటే గాని నిద్రపట్టని మనిషిని. అందులో ఒక వారమో తిథో తప్పుపడితే మర్నాడు కొట్టివేసి సరిదిద్దేదాన్ని. బస్తరుకు వచ్చిన తొలి నాలుగు నెలలూ అలాగే రాసుకున్నాను. జరిగినవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను గాని, అవి అలా ఎందుకు జరుగుతున్నాయని నాకు నేను చెప్పుకున్న కారణం మాత్రం మొదటినుంచి చివరిదాకా తప్పు.

మా ఆయన బొబ్బిలి దగ్గర రైలుమార్గంలో కీమ్యాన్‌. రైలు కుటుంబాలవారికి చెప్పనక్కరలేదు, మిగతావారి కోసం చెబుతున్నాను. తెల్లవారగానే నారింజరంగు కోటు తొడుక్కుని, భుజాన పొడవాటి సుత్తి పెట్టుకుని, తనకు అప్పగించిన దారిపొడవునా నడుస్తూ, పట్టాలను కదలకుండా పట్టి ఉంచే ఇనుప క్లిప్పులు ఎక్కడైనా వదులయ్యాయేమోనని చూసుకుంటూ పోయే మనిషిని కీమ్యాన్ అంటారు. ఒక వానాకాలం ఆయన వెనకాలే గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి ఇంటిదాకా వచ్చేసింది. మర్నాటినుంచి అది ఆయనకు కొంచెం ముందుగా, తోక నిటారుగా ఎత్తి, వెనుక వచ్చేవాళ్ళ చేత పని చేయించేదానిలా నడిచేదట. ఆయనతో పట్టాల పని చేసే గ్యాంగులోని వాళ్ళు నవ్వుకుని దానికి మేస్త్రీ అని పేరు పెట్టారు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. మాకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి మాట్లాడుకోవడం మానేసిన కాలంలో వచ్చిన కుక్క అది.

ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నంలో పచ్చడి కలుపుకుంటూ మా ఆయన పక్కకు ఒరిగిపోయారు. గుండె ఆగింది. మనుషులు నలుగురూ చేరి మోసుకుపోయిన ఆ నిశ్చలమైన శరీరానికీ, తాను రోజూ ముందు నడిచే మనిషికీ సంబంధం ఉన్నదని మేస్త్రీకి తోచినట్టు లేదు. మర్నాడు మామూలు వేళకే లేచి పట్టాల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అప్పటినుంచి ఎక్కడ నారింజ కోటు కనబడినా ప్రాణం పెట్టి పరుగెత్తేది. దగ్గరికి వెళ్ళి, వాసన చూసి, చెవులు వాల్చుకుని వెనుదిరిగేది.

ఇక నా సంగతి. మా వీధిలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే దాని పద్ధతి. నేను వీధిలోకి వచ్చే వేళకు ఎదురింటివారు పని మీద బయలుదేరుతుంటే, ఏదో మరిచిపోయినట్టు లోపలికి వెళ్ళి, నేను మలుపు తిరిగాక మళ్ళీ వచ్చేవారు. పదో తరగతి పిల్లలకు లెక్కల పరీక్ష ఉన్న రోజున, వాళ్ళు బయలుదేరేటప్పుడు మీరు గేటు దగ్గర ఉండకపోతే బాగుంటుందేమో అని హెడ్‌మిస్ట్రెస్ ఎంతో మృదువుగా, నా చేయి పట్టుకుని చెప్పారు. ఏడాది పొడుగునా ఆ లెక్కలు నేర్పినది నేను. ఆ రోజు వెనుక గదిలో బల్లల మధ్య కూర్చుని, పిల్లల అడుగుల చప్పుడు వింటూ, ఇలా దారి తప్పుకోవడాన్ని ఎంత దూరంనుంచైనా గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఆ నేర్పే తరువాత నన్ను నాశనం చేయబోయింది.

కారుణ్య నియామకం కింద గేట్‌కీపర్ ఉద్యోగం వచ్చింది. కిరందుల్ వెళ్ళే దారిలో, దంతేవాడ దాటాక అడవి మధ్య లెవెల్ క్రాసింగు. అంత దూరమా అన్నారు బంధువులు. ఎంత దూరమైతే అంత మంచిదనుకున్నాను నేను. ఫిబ్రవరిలో ఒక ఉదయం మేస్త్రీకి టికెట్టు తీసి గార్డు పెట్టెలోని కుక్కల అరలో ఎక్కించి, నేను ముందు పెట్టెలో కూర్చున్నాను. బండి ఆగిన ప్రతిచోటా దిగి వెనక్కి పరుగెత్తి చూసి వచ్చేదాన్ని. అరకు సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా వెనుకనుంచి దాని అరుపు వినబడుతున్నట్టే ఉండేది. అన్ని పెట్టెల అవతలినుంచి వినబడే వీలు లేదని తెలిసి కూడా చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని.

గేటు గది, దాని వెనుక ఒంటిగది క్వార్టరు, చుట్టూ సాల చెట్లు. బోరింగు నీళ్ళు ఎర్రగా ఉండేవి. తెల్లచీరలు రెండు ఉతుకుల్లో కాషాయమయ్యాయి, అన్నం కూడా అదోలాంటి రంగు తిరిగేది. సంతలో ఏది కావాలన్నా వేలు చూపించడమే. నాకు వచ్చిన హిందీ రైలు హిందీ, వాళ్ళది హల్బీ, కొందరిది గోండి. మాతృభాషలో మాట్లాడగలిగింది నాతో వంతు మార్చుకునే రెండో గేట్‌కీపరుతోనే. పలాస వైపు అబ్బాయి, క్రైస్తవుడు, నన్ను అక్కా అనేవాడు, నాకు తమ్ముడి లెక్క. అతనూ నాకన్నా కొద్దివారాల ముందు వచ్చినవాడే.

మా గేటుకు కొంచెం ఎగువన కొండను నిలువునా చీల్చి పట్టాలు వేశారు. దాన్ని కటింగ్ అంటారు. రెండు పక్కలా మట్టిగోడలు, మధ్యలో వంపు. కిరందుల్‌నుంచి ఇనుప ఖనిజం నింపుకున్న పొడవాటి గూడ్సుబండ్లు పగలనక రాత్రనక ఆ వంపులోంచి వచ్చేవి. వచ్చిన మొదటి ఉదయమే మేస్త్రీ అక్కడి కీమ్యాన్ నారింజ కోటును చూసి పట్టాలమధ్యనుంచి పరుగు తీసింది. బండి వచ్చే వేళ అది. ఎలా పట్టుకొచ్చానో నాకే తెలియదు. ఆ మధ్యాహ్నమే సంతకు వెళ్ళి ఇనుప గొలుసు కొని, గేటు గది పక్కనున్న స్తంభానికి దాన్ని కట్టివేశాను. నాకు మిగిలిన ప్రాణి అదొక్కటే. పట్టాల పక్కన బతకాలంటే గొలుసు తప్పదనుకున్నాను. అది తిరిగి తిరిగి ఎర్రమట్టిలో స్తంభం చుట్టూ ఒక గుండ్రటి గాడి పడింది.

కట్టిన తరువాత వచ్చిన మొదటి సంతరోజు నాకు బాగా గుర్తు. గంపలూ, కావిళ్ళూ, చంకలో పందెపు కోళ్ళూ పెట్టుకుని జనం బారులు బారులుగా రోడ్డు మీద వస్తున్నారు. ఇన్నాళ్ళకు మనుషుల సందడి అని నేను గేటు తెరిచి ఆకుపచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాను. ముందు నడుస్తున్న ఆడవాళ్ళు నన్ను దూరంనుంచి చూసి ఆగారు. ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. తరువాత రోడ్డు దిగి, చెట్లలోంచి పక్కదారి పట్టి, కటింగులోకి దిగి, పట్టాలు దాటి, అవతలి గట్టెక్కి మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళారు. వెనుకవాళ్ళూ అంతే. తెరిచిన గేటు ముందు నేనొక్కదాన్నే జెండా పట్టుకుని నిలబడి ఉన్నాను.

నాకు అర్థమైపోయింది. ఇంత దూరం వచ్చినా, మాట తెలియని అడవిలో కూడా, బోసినుదురుకు భాష అక్కరలేదనుకున్నాను.

తరువాతి సంతకు కొంగు తలమీదుగా లాక్కుని, గేటు గది లోపల ఉండి చేయి మాత్రం బయటికి పెట్టి జెండా చూపాను. ఎవరూ రాలేదు. ఆ తరువాతి సంతకు ముందు నేనొక పని చేశాను. సంతలో ఎర్రబొట్టు బిళ్ళలు, గాజులు కొన్నాను. లెక్కలో ఒక అంకె తేడా వస్తే సహించని మనిషిని, చేతి అద్దంలో చూసుకుంటూ నుదుటికి ఆ అబద్ధాన్ని అంటించుకున్నాను. గాజులు తొడుక్కుంటుంటే చప్పుడుకు మేస్త్రీ లేచి, ఇంట్లో పాత రోజులు వచ్చాయనుకుందో ఏమో, తోక ఊపింది. జనం వచ్చారు, దూరంగా ఆగారు, చూశారు, కటింగులోకి దిగిపోయారు.

డ్యూటీ మార్చుకోవడానికి వచ్చిన తమ్ముడు నా మొహం వంక చూసి, చూపు పక్కకు తిప్పుకుని, తనకు వచ్చిన పద్ధతిలో ఓదార్చాడు.

"మా ఇంటిది పుట్టినకాడినుంచీ బొట్టెట్టలేదక్కా. నాకేటయిపోనాది సెప్పు? గుండ్రాయిలాగున్నాను. ఎట్టుకుంటే ఎట్టుకో, మానేత్తే మానీ. ముందు రెండు మెతుకులు తిను."

"వాళ్ళు నన్ను చూసే తప్పుకుపోతున్నారు తమ్ముడూ."

"నిన్ను సూసా? నా డూటీలో కూడా అలాగే పోతన్నారు. మన గేటు జనం కంటే కోతులే ఎక్కువ దాటతన్నాయి. ఆటికి జెండా ఊపీసి సంబరపడిపోతన్నాను నేను."

అతని డ్యూటీలోనూ రావడం లేదన్న మాట అప్పుడే నన్ను ఆలోచింపజేసి ఉండాల్సింది. కాని దుఃఖంలో ఉన్న మనిషి తనకు అనుకూలమైన లెక్కే వేసుకుంటుంది. నేను ఉంటున్న చోటే అపశకునమనుకుంటున్నారు కాబోలు, నా క్వార్టరు గేటు వెనుకనే ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. రోడ్డు మీద ఎవరైనా ఒక్క క్షణం ఆగి నా వైపు చూస్తే నేనే మొహం తిప్పుకునేదాన్ని. వాళ్ళు అడిగే అవకాశమూ, నేను అడిగే అవకాశమూ ఆ తిప్పుకోవడంతో పోయేవి.

ఇప్పపూలు రాలిపోయాయి, తునికాకు కోతలు అయిపోయాయి, ఎండలు మండాయి. నాకు పగలు తిండి సహించేది కాదు. అవమానం ఒకటే అయితే ఓర్చుకునేదాన్నే. కటింగు నన్ను కాల్చివేసింది. వంపులో బండి కనబడినప్పటినుంచి మనిషి దగ్గరికి వచ్చేదాకా పట్టే సమయాన్నీ, నెత్తిన గంపతో ఒక ఆడమనిషి ఆ మట్టిగోడ దిగి, పట్టాలు దాటి, అవతలి గోడ ఎక్కడానికి పట్టే సమయాన్నీ నేను లెక్కవేసి చూశాను. రెండోదే ఎక్కువ. ఎన్నిసార్లు వేసినా రెండోదే ఎక్కువ. సంతరోజు ఫోను మోగి, బండి బయలుదేరిందని స్టేషనునుంచి చెప్పినప్పుడల్లా గేటు మూసే చక్రం తిప్పుతూ, ఎవరూ లేని రోడ్డుకు గేటు మూస్తూ, ఆ లోతులో ఎవరున్నారో తెలియక, గట్టిగా కేకలు వేసేదాన్ని. నా కేకలకు మేస్త్రీ కూడా గొలుసు తెంచుకునేలా మొరిగేది. మా ఇద్దరి అరుపులూ విని జనం ఇంకా దూరం జరిగేవారు.

తొలకరి పడింది. సాల చెట్ల కింద బోడ అనే పుట్టగొడుగులు పుట్టే వారం అది. వాటికి సంతలో మంచి గిరాకీ కావడం వల్ల అందరూ తొందరలో ఉంటారు. ఖనిజం బండి వస్తున్నదని గేటు మూశాను. వంపులో కూత మొదలై ఆగలేదు. తరువాత ఇనుము ఇనుమును కోస్తున్న శబ్దం. బండి ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చి, ఇంజను సరిగ్గా మా గేటు ముందు ఆగింది. డ్రైవరు మన విశాఖ మనిషే. కిటికీలోంచి రెండు చేతులూ బయటికి చాచి చూపించాడు.

"ఏటమ్మా, గేటుండి దేనికి? సంకలో పిల్లతో ఒక ఆడకూతురు దిగిపోనాది కటింగులోకి! నా సేతులు సూడు ఎలా వణుకుతన్నాయో! నాకూ అంత పిల్లుందమ్మా ఇంటికాడ!"

నేను పట్టాల వెంట పరుగెత్తాను. ఆ పడుచుపిల్ల అవతలి గట్టుమీద, గడ్డి వేళ్ళు పట్టుకుని, బిడ్డను కడుపుకు అదుముకుని కూర్చుని ఉంది. కంకర మీద పుట్టగొడుగులు చిందరవందరగా పడి ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళబోతే ఆమె బిడ్డ మొహాన్ని కొంగుతో కప్పి, లేచి, తూలుకుంటూ చెట్లలోకి పరుగెత్తింది. చావునుంచి అప్పుడే బయటపడిన తల్లి, ఆ చావుకన్నా నన్ను చూసి ఎక్కువ భయపడింది.

ఆ సాయంత్రం ఉద్యోగానికి రాజీనామా రాశాను. బదిలీ అడిగితే ఎప్పటికో గాని రాదు. ఈలోగా ఇంకొక సంత, ఇంకొక బిడ్డ. నేను పోతే జనం గేటుకు వస్తారు, ఇంతే లెక్క. పోయి ఎక్కడుంటానన్నది దానికి సంబంధం లేని లెక్క. తమ్ముడు ఆ కాగితం చదివి, ఇంకో సంత దాటనీ అక్కా, నేను ప్రార్థన చేసుకుంటాను అని జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజుల తరువాత, సంత కాని ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద దూరంగా ఒక ముసలామె నిలబడి తెలుగులో కేకవేసింది. నాలుగు నెలల తరువాత, తమ్ముడూ ఆ డ్రైవరూ కాక మూడో మనిషి నోట తెలుగు.

"ఓ గేటమ్మా! నువ్వు తెలుగోళ్ళ బిడ్డవంట గదా?"

అవును పెద్దమ్మా, దగ్గరికి రా అన్నాను.

"నేను రాను. నువ్వే రా ఇటు. దాన్ని మాత్రం తేకు!"

వెళ్ళాను. తెలంగాణ సరిహద్దున పామేడు వైపు మనిషట. కూతుర్ని ఈ ఊళ్ళో ఇచ్చిందట, చూసిపోవడానికి వచ్చిందట. పుట్టగొడుగుల పిల్ల ఆ కూతురి తోడికోడలు. ఆమె నన్ను కిందనుంచి మీదిదాకా చూసి, నా భుజం మీదుగా మేస్త్రీ వైపు గడ్డం ఎత్తింది.

"ఏంది బిడ్డా, ఆ కుక్క ఎవల్ని కరిచింది?"

"ఎవరినీ కరవలేదు."

"గట్లంటవేంది? కరవని కుక్కను ఎవలన్న కట్టేస్తరా?"

నాకు ఆమె మాట అర్థం కాలేదు. ఆమె ఓపికగా, మొద్దు పిల్లకు ఎక్కం చెప్పినట్టు చెప్పింది. ఈ ఊళ్ళల్లో కుక్క మెడలో తాడు పడేది ఒక్కప్పుడే. కుక్క ఎవరినైనా కరిస్తే, సూదిమందు వేసే డాక్టరు ఆ కుక్కను పది దినాలు కట్టివేసి చూడమంటాడు. చస్తే పిచ్చిది. బతికితే మంచిది, విప్పేస్తారు.

"నీది పది దినాలాయె, విప్పలే. నెలాయె, విప్పలే. నాలుగు నెలలాయె! మా వాళ్ళు ఏమనుకుంటున్నరో ఎరుకనా? పది దినాలు దాటంగనే ఇంకొకల్ని కరుస్తున్నదనుకుంటున్నరు. నారింజ అంగీ కనపడితె సాలు, ఎట్ల ఎగురుతది! రైలోళ్ళనే శానామందిని కరిచిందంట గదా? మరి సంపరేంది అంటే, సర్కారు కుక్క, దానికి గూడ జీతముంటదేమో అంటడు మా అల్లుడు."

అయితే నన్ను చూసి కాదా అన్నాను.

"నిన్ను చూసెందుకు?"

"నాకు... మా ఆయన లేరు పెద్దమ్మా."

ఆమె నా నుదుటి మీది బొట్టు వంకా, గాజుల వంకా చూసింది. అవేమిటో ఎందుకో అడగలేదు.

"నాకు గూడ లేడు. ఇద్దరు పోయిన్రు. అయితే గేటుకేమైతది?"

నేను నవ్వానట. తమ్ముడు తరువాత చెప్పాడు, గేటు గదిలోంచి విని భయపడ్డానని. నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియదు. ఆ ముసలామె కొంచెం దూరం జరిగి, కుక్కనే కాదు ఈమెను కూడా కట్టివేయాలేమోనన్నట్టు చూస్తూ నిలబడింది. కాస్త తేరుకున్నాక చెప్పాను, విప్పితే అది నారింజ కోట్ల వెంట పట్టాల మీద పరుగెత్తుతుందని, బండి కింద పడుతుందని.

"ఉరికితే ఉరకనీ. దానికి కాళ్ళున్నయ్, చెవులున్నయ్. సంకల పిల్లకు ఏమున్నయ్?" అన్నది. "వచ్చే సంతకు విప్పు. నేను మా వాళ్ళకు చెప్త. చెప్తే నమ్మరు. చూస్తే నమ్ముతరు."

అపశకునం నేను కానని తెలిసినందుకు తేలికపడాలి కదా. పడలేదు. అపశకునమే అయితే నేను వెళ్ళిపోతే సరిపోయేది. ఇప్పుడు వెళ్ళవలసింది మేస్త్రీ. ఎవరో ఒకరి బిడ్డనో, దీన్నో, రెంటిలో ఒకదాన్ని కటింగుకు వదలాలి. అది నాకు ముందునుంచీ తెలిసిన లెక్కే, పేర్లు మాత్రం మారాయి. సంత వచ్చేదాకా ప్రతి పూటా దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, గొలుసు కొరికిన చోట మెడమీద వెంట్రుకలు ఊడి నున్నబడిన చర్మాన్ని నిమురుతూ కూర్చున్నాను. నాకు వచ్చిన దేవుళ్ళందరినీ పిలిచాను. తమ్ముడి దేవుణ్ణి కూడా.

సంతరోజు ఉదయం కీమ్యాన్ వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడి, నా రైలు హిందీలో సంగతంతా చెప్పాను. నడివయసు మనిషి, ఆ ఊరివాడే. అతను నాలుగు నెలలుగా రోజూ పట్టాల అవతలి పక్కనుంచి, సుత్తి రెండు చేతులా పట్టుకుని, మేస్త్రీనుంచి చూపు తిప్పకుండా నడిచిపోతున్న మనిషి. కాటేగా నహీ, అని మూడుసార్లు అడిగాడు. కరవదని మూడుసార్లూ చెప్పాను. అతను నమ్మలేదు, కాని అతని కళ్ళు రోడ్డు వైపు వెళ్ళాయి. రోడ్డు మీద ముసలామె కూడదీసుకొచ్చిన జనం, ఆటకు వచ్చినట్టు, దూరంగా గుంపుగట్టి నిలబడ్డారు. ఊరంతా చూస్తుండగా వెనుకంజ వేయడం ఇష్టంలేక అతను సుత్తి కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

కొక్కెం విప్పాను. మేస్త్రీకి తెలియలేదు. స్తంభం చుట్టూ తన గాడిలోనే ఒకసారి తిరిగింది. గొలుసు ఆపే చోట తనే ఆగింది. తరువాత ఒక కాలు గాడి దాటించింది. ఇంకొకటి. అంతే, నారింజ కోటు మీదికి దూకింది. జనంలో ఎవరో కెవ్వుమన్నారు. అది అతని బూట్లూ, మోకాళ్ళూ, చేతులూ వాసన చూసింది. ఇక చెవులు వాల్చుకుని వెనుదిరుగుతుంది, వెంటనే పట్టుకుందామని నేను ముందుకు వంగి ఉన్నాను. అది వెనుదిరగలేదు. అతని చేతిని ఒకసారి నాకి, అతనికి కొంచెం ముందుకు వెళ్ళి నిలబడి, పద అన్నట్టు తలతిప్పి చూసింది. అతను సుత్తి భుజాన పెట్టుకున్నాడు. తోక నిటారుగా ఎత్తి అది ముందు, అతను వెనుక, ఇద్దరూ కటింగు వైపు నడిచారు.

పిలుద్దామనుకున్నాను. అప్పుడే ఫోను మోగింది. బండి బయలుదేరింది. గేటు మూస్తున్నానన్న హామీగా స్టేషనుకు నంబరు చెప్పాను, రాసుకున్నాను, చక్రం తిప్పాను. చేతులే ఆ పనులన్నీ చేశాయి. గేటు మూతపడేసరికి, ఆ నాలుగు నెలల్లో మొట్టమొదటిసారి, దాని అవతల మనుషులున్నారు. గంపలు దించుకుని, ఖాళీ గొలుసును వేళ్ళతో చూపించుకుంటూ, నవ్వుకుంటూ నిలబడ్డారు. బిడ్డతో ఆ పడుచుపిల్ల కూడా ఉంది. వంపులో కూత వినబడింది. నాకు వాళ్ళెవరూ కనబడలేదు. ఒకటి తరువాత ఒకటిగా ఎర్రటి పెట్టెలన్నీ నా ముందునుంచి దాటుతుంటే, ప్రతి చక్రం కిందా నేను దాన్ని చూశాను.

గేటు తెరిచాను. జనం దాటిపోయారు. కోడిని చంకన పెట్టుకున్న ముసలాయన ఒకడు నాకు నమస్కారం పెట్టాడు. నేను జెండా పట్టుకుని అలాగే నిలబడ్డాను, డ్యూటీ దిగే వేళదాకా. మధ్యాహ్నం దాటాక కటింగులోంచి నారింజ కోటు వచ్చింది. దాని ముందు, కాళ్ళు పొట్టదాకా ఎర్రబడి, మేస్త్రీ.

ఇక్కడితో ఆపితే చదివేవారికి సంతోషంగా ఉంటుంది. కాని ఆ సాయంత్రం జరిగినది చెప్పకపోతే నేను చెప్పినదంతా సగమే. మేస్త్రీ గేటు పక్కన అలసిపోయి పడుకుని ఉంది. పని ముగించుకున్న గ్యాంగు మనుషులు, అందరూ నారింజ కోట్లతో, మా ముందునుంచి వెళ్ళారు. అది తల ఎత్తలేదు. ఒక కన్ను తెరిచి, చూసి, మూసుకుంది.

మా ఆయన పోయిన తరువాత, ఆయన తిరిగి వస్తారని నమ్ముతున్న ప్రాణి ఈ భూమి మీద అదొక్కటే ఉండేది. నేను నమ్మలేను, నాకు బదులు అది నమ్మేది. ప్రతి నారింజ కోటుకూ అది ఎగిరినప్పుడల్లా, తిట్టుకుంటూనే, నేనూ ఒకసారి తలెత్తి చూసేదాన్ని. ఆ సాయంత్రం నుంచి అది ఎదురుచూడడం మానేసింది. దానికి తన మనిషి దొరికాడు. ఆయన పోయిన రోజున కూడా అంతటి ఒంటరితనం తెలియలేదు. చేయి తనంతట తానే స్తంభం దగ్గరి గొలుసును అందుకుంది. కట్టివేస్తే మళ్ళీ ఎదురుచూస్తుందేమో. కొక్కెం దాని మెడదాకా తీసుకుపోయాను కూడా. అప్పుడు రోడ్డు మీద, సంతనుంచి తిరిగి వస్తున్న వాళ్ళ గొంతులు వినబడ్డాయి. ఆ పడుచుపిల్ల నవ్వు అందులో ఉందో లేదో నేను చెప్పలేను, ఉందనే అనుకుంటాను. గొలుసు వదిలేసి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను.

తమ్ముడు నా రాజీనామా కాగితాన్ని తిరిగి ఇచ్చాడు. బొట్టు తీసివేయలేదు నేను. అబద్ధమని కాదు, నిజమని కాదు, అలవాటైంది. మేస్త్రీ రోజూ కీమ్యాన్‌తో వెళ్ళేది, మొదట్లో మధ్యాహ్నానికి వచ్చేది, తరువాత సాయంత్రానికి, ఆ తరువాత కొన్నిసార్లు అతని ఇంటిదగ్గరే ఉండిపోయేది. హల్బీలో పిలిస్తే పలికేది. నేను తెలుగులో పిలిస్తే ఒక్క క్షణం ఆలోచించి పలికేది. ఆ ఊళ్ళో నాకన్నా అదే ముందు స్థిరపడింది. అతను రిటైరయ్యాక అతనితోనే ఊళ్ళోకి వెళ్ళిపోయింది. ఒక వేసవి తరువాత అతను గేటు దగ్గరికి వచ్చి, ముసలిదైపోయింది, నిద్రలోనే పోయింది అని చెప్పాడు. ఆ రోజు ఇద్దరం రెండు బండ్లు దాటేదాకా అలాగే నిలబడి ఉన్నాం.

నేను జగదల్‌పూర్‌కు మారిన ఇన్నేళ్ళకు, పోయిన నెల పనిమీద కిరందుల్ వెళుతూ కిటికీ దగ్గర కూర్చుని ఆ చోటు కోసం కాచుకున్నాను. గేటు తీసివేశారు. పట్టాల కిందనుంచి రోడ్డు వేశారు. సంతరోజు కావడంతో మోటారు సైకిళ్ళ మీద, కోళ్ళతో, మూటలతో జనం ఒక వైపు మునిగి రెండో వైపు తేలుతున్నారు. మంచి పనే. కటింగులోకి ఇప్పుడు ఎవరూ దిగరు, ఏ తల్లీ దిగదు. నాలుగు నెలలు నేను ఏ దేవుణ్ణి అడిగినా అడిగింది అదే. అయినా బండి ఆ చోటు దాటాక కూడా కిటికీ చువ్వలు పట్టుకుని వెనక్కి చూస్తూనే ఉన్నాను. బండి కోసం అందరూ తప్పనిసరిగా ఆగవలసిన కాసేపు అక్కడ ఉండేది. ఆ ఆగినప్పుడే మనుషులు ఒకరి మొహం ఒకరు చూసేవారు. ఇక ఆ దారి పక్కన ఎక్కడినుంచో వచ్చిన ఒక మనిషి, తన కుక్కతో, తన తప్పుడు లెక్కతో, ఏళ్ళ తరబడి కూర్చున్నా, దూరంగానైనా నిలబడి, ఏంది బిడ్డా అని అడగడానికి ఎవరికీ తీరిక ఉండదు.